విశ్వకర్మ పూజనాడు నేను కూల్చిన గోదాము

ఒక గోదామును కూల్చాలంటే ఏమేం కావాలి? భూకంపం, తుపాను, తుప్పు అని మీరు వేళ్లు మడవడం మొదలుపెడితే మీకు ఇంజనీరింగు తెలుసన్నమాట, నా సంగతి తెలియదన్నమాట. నాకు ఒక స్టీలు క్యారేజీ గిన్నె, చిటికెడు కుంకుమ, కాస్త ధూపం చాలు. ఖిదిర్‌పూర్ రేవులో, ఖిచిడీ వడ్డన జోరుగా సాగుతుండగా, కూల్చేశాను. గోదాము ఇప్పటికీ నిటారుగానే ఉంది. ఆ వివరానికి తర్వాత వస్తాను.

న్యూ టౌన్‌లో ఒక చిన్న కంపెనీ మాది. సన్నటి గాజు తీగను ఉక్కు దూలానికి అంటిస్తాం. అందులోకి లేజరు కాంతిని పంపి, వెనక్కి వచ్చే కాంతిని చదివి, దూలం ఎక్కడ వేడెక్కిందో, ఎక్కడ సాగిందో చెబుతాం. చిక్కల్లా లేజరుతోనే. దానికి నిలకడ లేదు. పెళ్లిలో అలిగిన బావమరిదిలా కాసేపు ఇటు, కాసేపు అటు. అది రవ్వంత జరిగితే దూలం మొత్తం సాగినట్టో ముడుచుకున్నట్టో కనిపిస్తుంది. ఈ సణుగుడునే మేం నాయిజ్ అంటాం.

దీన్ని వదిలించే ఏర్పాటు నా చేతుల మీదుగా జరిగింది. అదే కాంతిని వేరే ఒక చిన్న తీగచుట్టలోకి కూడా పంపాలి. ఆ చుట్ట సన్యాసిలా ఉండాలి. ఎండ తగలకూడదు, గాలి సోకకూడదు, ఎవరూ కదపకూడదు. అలాంటి చుట్టలో కూడా ఏదైనా మార్పు కనిపిస్తే, ఆ తప్పు లేజరుదే. దాన్ని దూలం లెక్కలోంచి తీసేస్తే మిగిలేది నిజం. నా చుట్టను మా తాత రేవుకు అన్నం పట్టుకెళ్లిన స్టీలు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను చేపల థర్మోకోల్ పెట్టెలో దాచాను. గడ్డివాములా ఉండే గ్రాఫు నూనె పెట్టి దువ్విన తలలా అయిపోయింది. మా పై అధికారి మౌమితాదీ పొగడ్త విషయంలో మహా పిసినారి. ఆవిడ కూడా "బాహ్!" అంది. సొంత డబ్బా అనుకోకండి గానీ, ఆ "బాహ్" నా చెవిలో ఇప్పటికీ వెచ్చగానే ఉంది.

ఇక మిగిలింది, పరీక్షకని మా తీగను అంటించిన ఖిదిర్‌పూర్ గోదాము అధికారి ఘోష్‌దా మాట. ఆయన సరేనంటే మా తీగ ఆ కప్పుకు శాశ్వతంగా ఉంటుంది. కాదంటే తీగను పీకేస్తారు. దానితోపాటు ఇంకా పర్మనెంటు కాని నన్నూ పీకేస్తారు. పని ఆగి ప్రశాంతంగా ఉంటుందని ఆయన విశ్వకర్మ పూజ రోజునే చూస్తానన్నాడు. మనవడి ప్రతాపం చూడాలని మా నానమ్మ కూడా వచ్చింది.

రేవులో ఆ రోజు ఎవరి పనిముట్టు వాళ్లు దేవుడి ముందు పెట్టాల్సిందే. గొలుసులు, కొక్కేలు, స్పానర్లు వరసగా కొలువుదీరాయి. ఫోర్క్‌లిఫ్టుకు బంతిపూల దండ వేశారు.

"నీ పనిముట్టేదిరా గుంటడా?" అంది నానమ్మ.

"ఆ పెట్టెలో ఉంది నానమ్మా. ముట్టుకోకూడదు."

"ముట్టుకోకండ బొట్టెలగెడతారేటి? సేపల పెట్టె అట్టుకొచ్చి సామి ముందర ఎడతావా? నీసు కాదేటి?"

నేను ఆలోచించాను. నేను ఆలోచించడం ఈ కథలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం. ఎండ: లేదు. గాలి: లేదు. కదపడం: ఒక్కసారే, మెల్లగా. నా జాబితాలో "బొట్టు" అనే ప్రమాదం లేదు. వినాశకాలే విపరీత బొట్టు! గిన్నెను బయటికి తీసి, స్పానర్లన్నిటికీ ముందు వరసలో, నా ఇంజనీరింగు డిగ్రీయే అక్కడ కూర్చున్నంత గర్వంగా పెట్టాను.

"మీ తాత గిన్నె గదరా ఇది!" అని నానమ్మ కళ్లొత్తుకుని కుంకుమ దిద్దింది. కొబ్బరి పీచు నిప్పుల మీద పొగలు కక్కుతున్న ధునుచి అనే ధూపపాత్రను దాని పక్కకు జరిపింది. "ఆయనకి బాగా తగలాల."

నేను అటు చూడలేదు. ఘోష్‌దా ఖిచిడీ పళ్లెంతో వచ్చి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు మరి.

"ఇది మీ కప్పు దూలం, దాదా. చీమ తుమ్మినా పట్టేస్తుంది."

అనడమే ఆలస్యం, గీత కిందికి దిగడం మొదలెట్టింది. అటు పూజ డోలు ఢాక్ మోగింది. గీత దిగుతూనే వణకసాగింది.

"ఎ కీ?" అన్నాడు ఘోష్‌దా, చెంచా ఆపి. ఇదేమిటని.

గీత దిగిందంటే దూలం చల్లబడైనా ఉండాలి, ముడుచుకునైనా ఉండాలి. ఉక్కు ఇంత వేగంగా చల్లబడదు. కాబట్టి ముడుచుకుంటోంది. కాబట్టి నలుగుతోంది. కాబట్టి... ఆ మూడో "కాబట్టి" దగ్గర నేను బల్ల ఎక్కాను.

"బేరోన్! సబాయ్ బేరోన్! బైటికెల్లిపోండి! కప్పు కూలిపోతంది!"

భోజనాల బంతి మొత్తం లేచింది. పళ్లెం వదిలినవాడు ఒక్కడూ లేడు. పురోహితుడు గంటతో, వంటవాళ్లు బేగునీల, అంటే వంకాయ బజ్జీల, జల్లెడతో చినుకుల్లోకి పరుగెత్తారు. ఢాక్ వాయించేవాడు పరుగెడుతూ కూడా తాళం తప్పలేదు.

అందరం బయట నిలబడి కప్పు కేసి చూశాం. కప్పు మా కేసి చూసింది. ఖిచిడీలో వాన నీళ్లు చేరాయి.

మౌమితాదీ మాత్రం గుమ్మంలో నిలబడి ల్యాప్‌టాప్ చూస్తోంది. "సింహాచలం, కప్పుకు అంటించగా మిగిలి ఆ కుర్చీ మీదున్న తీగ కొసను దేనికి అంటించావు?"

"దేనికీ లేదు దీదీ."

"అది కూడా అంతే ముడుచుకుంటోంది. కుర్చీ కూడా కూలుతోందా?"

నా తల మెల్లగా దేవుడి వైపు తిరిగింది. అక్కడ మా తాత గిన్నె, బొట్టుతో, పొగలో, హాయిగా కాగుతోంది. ఆ వేడిని లేజరు చేసిన తప్పని లెక్కగట్టి, నా ప్రోగ్రాము బుద్ధిగా తీగ పొడవునా తీసేస్తోంది. గిన్నె ఎంత వేడెక్కితే కప్పు అంత ముడుచుకుంటోంది. నాయిజ్‌కు కాపలా పెట్టినవాడికి నేనే పొగబెట్టాను!

"నానమ్మా, ఆ ధూపం తీయించు!"

"దేవుడి ధూపం తీస్తారేట్రా? పాపం!"

"తీస్తే కప్పు లేస్తాది!"

నానమ్మ లోపలికి నడిచింది. ధునుచిని దూరం జరిపి, చీర చెంగుతో గిన్నెకు విసిరింది. గీత లేచింది. ఇంకా విసిరింది. ఇంకా లేచింది.

"ఇంకా ఊపండి దీదిమా!" అన్నాడు ఘోష్‌దా, తడిసిన ఖిచిడీ తింటూ. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ వణుకు?"

"ఢాక్ దెబ్బలు దాదా. గిన్నెలోంచి వినబడ్డాయి," అన్నాను. సిగ్గుతో చచ్చిపోతూనే అన్నాను గానీ, గొంతులో గర్వం ఎలా దూరిందో తెలియదు.

ఆయన ఖిచిడీ పళ్లెం పక్కన పెట్టాడు. "తీగ ఉండనీ. యంత్రం పాసైంది. ఫెయిలైంది నువ్వొక్కడివే."

ఫెయిలైనవాణ్ని కూడా ఎందుకో ఉంచేశారు. ఇప్పుడు ఖిదిర్‌పూర్ బజారులో ఎవరు కనబడ్డా ముందు ఆకాశం చూసి, తర్వాత నన్ను చూసి, "కప్పు కులాసానా?" అని అడుగుతారు.

అందుచేత, తాతగారి గిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా తీగచుట్టకు ఈ జన్మలో బొట్టు పెట్టను, పెట్టనివ్వను. ధూపం చూపించను. ఢాక్ వినిపించను. దానికి భక్తితో పనిలేదు, ప్రశాంతతతోనే పని.

ఈ ఏడు పూజలో ఈ మాటే నానమ్మకు చెప్పాను. "తప్పు గిన్నెది కాదు గదరా, నీ బుర్రది," అని నన్నే స్పానర్ల పక్కన కూర్చోబెట్టి, నుదుటి నిండా కుంకుమ పెట్టి, కళ్లమ్మట నీళ్లు కారేదాకా ధూపం వేసింది.

గ్రాఫు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.