మా బేస్మెంట్‌లో లేని సినిమా హాలు

కౌంటీతో, అంటే ఈ దేశంలో జిల్లా సర్కారుతో, తలపడి గెలిచిన మొనగాణ్ణి నేను. అటు ముగ్గురు లాయర్లు, ఇటు నేనొక్కణ్ణి. ఆదివారం భోజనాల దగ్గర ఇలాగే చెబుతుంటాను. నిజానికి లాయర్లు లేరు. ఒక ఫారం, నాలుగు ఫొటోలు, ఒక పళ్ళెం వడియాలు, అంతే. గెలిచిన మాట మాత్రం నిజం.

షాంటిలీ ఊళ్ళో మా ఇంటి అప్పు తీరి నాలుగేళ్ళయింది. అప్పున్నన్నాళ్ళూ బ్యాంకువాళ్ళే మా దగ్గర నెలనెలా కొంత తీసిపెట్టి ఇంటి పన్ను కట్టేవారు. ఇప్పుడు జులైలో సగం, డిసెంబరులో సగం నేనే కడుతున్నాను. ఆన్‌లైన్‌లో కట్టొచ్చు గానీ నేను చెక్కే రాస్తాను. సంతకం కాస్త పెద్దదిగా పెడతాను. ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం చేసి కొనుక్కున్న ఇల్లు మరి.

ఆకులు రాలే రోజుల్లో మెడలో కార్డు వేసుకుని కౌంటీ కుర్రాడొకడు వచ్చాడు. పన్నుకోసం ఇళ్ళ వివరాలు సరిచూస్తున్నాడు. బేస్మెంట్ ఫినిష్ చేయించారా, అంటే ఇంటి అడుగు భాగాన్ని గదులుగా హంగు చేయించారా అని అడిగాడు. తీసుకెళ్ళి చూపిద్దామంటే కింద మా ఆవిడ వడియాలు పెట్టింది. పెరటివైపు చెక్క డెక్ మీద ఉడతలు బతకనివ్వడం లేదని, సిమెంటు నేల మీద పాత చీర పరిచి ఫ్యాను పెట్టుకుంది. అంతకు ముందు వారమే ఒక స్నేహితుడి గృహప్రవేశంలో వాళ్ళ బేస్మెంట్ చూసొచ్చాం. సినిమా హాలు, బాత్రూమ్, బార్. నా నోరు ఊరుకోలేదు. అదంతా మా ఇంట్లో ఉన్నట్టే చెప్పేశాను. పాపం, శ్రద్ధగా రాసుకున్నాడు.

చలికాలం చివర్లో, పన్ను లెక్కకి ఇంటి విలువ ఇంతని కౌంటీ నోటీసు వచ్చింది. వీధిలో అందరికీ ఇంటి విలువ కొద్దిగా పెరిగితే మాకు గంతేసింది. మా ఆవిడ కౌంటీ వెబ్‌సైట్‌లో మా ఇంటి వివరాలు తెరిచింది.

"ఏమండీ, మన కింద సినిమా హాలుందట. ఎవరు చెప్పారండీ?"

నేను టీ గ్లాసు మీదే దృష్టి పెట్టాను.

"మీరేనా! తీసేయించేదాకా ఏటా లేని హాలుకి టికెట్ కొంటూ ఉండాలి."

"అరవై అయిదు దాటితే పన్నులో ఎగ్జెంప్షన్ ఉందిగా."

"అది ఆదాయం తక్కువున్నవాళ్ళకి. మీ పెన్షన్‌కి రాదని పోయినేడే చూశాంగా. అప్పీల్ చేయండి."

ఫారంలో తప్పు ఎలా జరిగిందో రాయాలి. "మీ ఉద్యోగి పొరపాటున రాసుకున్నాడు" అని రాశాను.

మా ఆవిడ అది చదివి కలం నా చేతిలో పెట్టింది. "గొప్పలు మీవి, తప్పు ఆ పిల్లాడిదా? వాడి ఉద్యోగానికి ఎసరు పెడతారా?"

కొట్టేశాను. "మీ ఉద్యోగి నేను చెప్పిందే రాసుకున్నాడు. నేను చెప్పింది అబద్ధం. గొప్పకోసం చెప్పాను" అని రాసి, బేస్మెంట్ ఫొటోలు జతచేశాను. ఈ దేశంలో లెక్కలేనన్ని ఫారాలు నింపాను. తలెత్తుకుని సంతకం పెట్టింది ఈ ఒక్కదాని మీదే.

చూసి వెళ్ళడానికి మళ్ళీ ఆ కుర్రాడే వచ్చాడు. మెట్లు దిగి, వట్టి సిమెంటు గోడలూ చీర మీద వడియాలూ చూసి, సినిమా మొదలైందా అని అడిగాడు. మా ఆవిడ గుప్పెడు వేయించి పెడితే పళ్ళెం ఖాళీ చేశాడు. వెళ్ళేముందు, ఇంట్లో ఇంకేమైనా మార్పులు చేశారా అన్నాడు. నేను నోరు తెరిచాను.

"నథింగ్! నథింగ్ ఎట్ ఆల్!" వంటింట్లోంచి కేక.

విలువ తగ్గించినట్టు ఉత్తరం వచ్చింది. జులై చెక్కు మీద సంతకం ఎంత పెద్దదిగా పెట్టానంటే, ఈ మహానుభావుడెవరని బ్యాంకువాళ్ళు ఫోన్ చేశారు.

చేయలేదు లెండి.