హోల్డాన్ చెప్పేది నేను

మా ఆయన నెమ్మది మనిషి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనే హక్కు నా ఒక్కదానికే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆయన నడిపే బస్సులో కండక్టరును నేనే, ఇంట్లో పెళ్ళాన్నీ నేనే. ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేలోపు నేను వంట చేసి, గిన్నెలు కడిగి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంటాను. నేనంటాను, ఆయన పడతారు. ఊళ్ళోవాళ్ళు అంటే మాత్రం ఊరుకోను.

డిపోలో ఆయన పేరు 'పాసింజరు'. ప్రతి స్టేషన్లోనూ ఆగే రైలుబండి అని వెటకారం. ఆ పేరు పెట్టింది హెడ్ మెకానిక్. చేతులకు గ్రీజు, నోటికి అంతకంటే ఎక్కువ జిడ్డు ఉన్న మనిషి. సందు చివర ఒక ముసలమ్మ సంచీ పట్టుకుని ఆయాసపడుతూ వస్తున్నట్టు అద్దంలో కనిపిస్తే చాలు, మా ఆయన బస్సు కదల్చరు. బస్సులో వాళ్ళంతా గొణుగుతారు. ఆ గొణుగుడు డ్రైవరుకు వినబడదు, జనం పక్కనే నిలబడ్డ నాకు వినబడుతుంది. ఇన్నేళ్ళలో ఆ బస్సుకు ఒక్క గీత పడలేదని మాత్రం ఒక్కరూ అనరు.

మా బస్సులో బెల్లు తాడు ఎప్పుడో తెగిపోయింది. కొత్తది వేయమని మెకానిక్కును అడిగి అడిగి నోరు నొప్పెట్టి, చివరికి నేనే ఒక విజిలు కొనుక్కున్నాను. ఒక్కసారి ఊదితే హోల్డాన్, ఆగాలి. రెండుసార్లు ఊదితే రైట్ రైట్, కదలాలి. బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు ఆయనకు నేను కనబడను, నాకు ఆయన కనబడరు. ఇంట్లో మేము మాట్లాడుకున్న మాటలకంటే ఆ విజిలుతో మాట్లాడుకున్నవే ఎక్కువ.

మా రూటు ఆఖరి స్టాపు కొండమీద. ఏడాదికొకసారి ఆ కొండల్లో పెద్ద పరుగుపందెం జరుగుతుంది. రోడ్డు మీద కాదు. రాళ్ళు, ముళ్ళు, వాగులు, ఎక్కుడూ దిగుడూ, మొత్తం యాభై కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి పొద్దు కుంగేలోపు కొండమీది గేటు దాటాలి. మూడేళ్ళ క్రితం ఆ రోజున పోలీసు మా బస్సును ఆపాడు. రోడ్డు దాటేవాళ్ళంతా దాటారు. ఇంకా ఒకరున్నారు ఆగమన్నాడు. ఎంతసేపటికీ ఎవరూ రారు. బస్సులో జనం నన్ను నమిలి మింగేస్తున్నారు. చివరికి తెల్లజుట్టున్న ఒకామె, ఒక కాలు ఈడ్చుకుంటూ, ఎవరికీ క్షమాపణ చెప్పనట్టు తలెత్తుకుని రోడ్డు దాటింది. మా ఆయన ఇంజను ఆపేసి, కిందికి దిగి చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి అన్నం కలుపుతూ అన్నారు, "కండక్టరమ్మా, వచ్చే ఏడు నేనూ పరిగెడతా."

నాకు పొలమారింది. యాభై దాటిన మనిషి. సీట్లో కూర్చుని కూర్చుని పెంచిన పొట్ట, మెట్లెక్కితే టకటకమనే మోకాళ్ళు. "ముందు ఆ కంచం దగ్గర్నుంచి పరుగున లేవండి, చూద్దాం," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయన పట్టు ఉడుంపట్టు అని నాకప్పుడే అర్థమైంది.

డ్యూటీ దిగాక డిపో యార్డులో, ఆగి ఉన్న బస్సుల మధ్య, నూనె మరకలు తప్పించుకుంటూ పరిగెత్తేవారు. పరుగంటే పరుగు కాదు, నేను వడిగా నడిస్తే దాటిపోతాను. "పాసింజరు వస్తోంది, ప్లాట్‌ఫారం ఖాళీ చెయ్యండర్రోయ్!" అని మెకానిక్ రెంచితో రేకు మీద కొట్టేవాడు. యార్డంతా నవ్వులు. ఇంటికొచ్చి ఉప్పేసిన వేణ్ణీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకునేవారు. బొటనవేలి గోళ్ళు రెండూ నల్లబడి ఊడిపోయాయి. కిటికీ ఊచలకు వేలాడే ఆ బూట్ల కంపుకి ఇంట్లోకి ఈగ కూడా వచ్చేది కాదు.

మొదటి ఏడు సగం దారిలోనే ఆపేశారు. రెండో ఏడు ఆఖరి ఎక్కుడులో చీకటి పడింది. రెండుసార్లూ, వెనకబడ్డవాళ్ళను ఏరుకుని తెచ్చే వ్యానెక్కించారు. ఎవడో నడుపుతున్న బండిలో, కిటికీ పక్కన, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని దిగొచ్చారు మా ఆయన. "పాసింజరు నిజంగా పాసింజరయ్యాడు!" అని మర్నాడు మెకానిక్ జోకు వేశాడు. వాడికి అందించబోయిన టీ గ్లాసు నా చేతిలోనే ఉంది. నేల మీద పోశాను. "నవ్విన నాపచేనే పండుతుంది, గుర్తుంచుకో," అన్నాను. ఇంటికొచ్చాక తలుపేసుకుని ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

ఈ ఏడు పేరు ఇవ్వడానికి వెళ్తే, పందెం నడిపే పెద్దాయన బయటికొచ్చాడు. ఎండున్నా లేకున్నా టోపీ తియ్యడు. గొంతులో తేనె.

"సార్, మూడుసార్లు పూర్తి చెయ్యలేకపోతే ఇక పెద్ద పరుగులోకి తీసుకోం. అది రూలు. మీకిది మూడోది. మీ వయసుకీ, ఒంటికీ చిన్న పరుగు మంచిది. దాంట్లో మెడల్ కూడా ఇస్తాం."

"చిన్నదాన్లో ఆ కొండ ఉంటుందా?" అని అడిగారు మా ఆయన.

"ఉండదు సార్, మైదానంలోనే."

"అయితే పెద్దదాన్లోనే రాసుకోండి."

నేనూరుకుంటానా? "పొద్దు కుంగేలోపు అన్నారు కదా, అది ఎవరి గడియారం ప్రకారం?" అన్నాను.

"గడియారం లేదమ్మా. ఈ పందెం మొదలైనప్పట్నుంచీ ఒకటే పద్ధతి. గేటు దగ్గర నిలబడితే ఎదురుగా పడమటి కొండ కనబడుతుంది. సూర్యుడు దాని వెనక పూర్తిగా మునగ్గానే విజిలేస్తాం. అంతే, గేటు మూసినట్టే."

"పూర్తిగా," అన్నాను నేను. "పూర్తిగా," అన్నాడాయన నవ్వుతూ.

పందెం రోజు సెలవు పెట్టాను. మా రూటు బస్సే పట్టుకుని, పరుగుదారి రోడ్డును తాకే చోటల్లా దిగి, ఉడకబెట్టిన బంగాళాదుంపలూ ఉప్పూ అరటిపళ్ళూ పట్టుకుని నిలబడ్డాను. మొదటి చోట ఆయనే ఆఖరు. రెండో చోటా ఆయనే ఆఖరు. కానీ పోయినేటి కంటే పొద్దు ఇంకా పైనే ఉంది. "నిదానమే ప్రధానం," అన్నారు దుంప నములుతూ. "ఆలస్యం అమృతం విషం, కదలండి," అన్నాను.

మూడోది, ఆఖరి చోటు. దాని తర్వాత ఎక్కుడే. జెండా పట్టుకున్న ఒకావిడ, నేను, ఖాళీ అవుతున్న నీళ్ళ డ్రమ్ములు. కింద వంపులో ఆయన కనబడ్డారు. నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే జెండా ఆవిడ, పైన ఆగి ఉన్న నీళ్ళ వ్యానును పిలవడానికి, జేబులోంచి విజిలు తీసి ఒక్కసారి గట్టిగా ఊదింది.

మా ఆయన ఆగిపోయారు.

కాలు మడతబడిందేమో అనుకున్నాను. కాదు. నిటారుగా నిలబడ్డారు. పైగా తల కొంచెం పక్కకు తిప్పి, అక్కడ అద్దమేదో ఉన్నట్టు భుజం వైపు చూస్తున్నారు. "ఏవండీ, రండి!" అని అరిచాను. ఎదురుగాలి, నా అరుపు నాకే తిరిగొచ్చింది. చేతులూపాను. ఊహూ. ఒళ్ళు అలిసి, బుర్ర పనిచెయ్యడం మానేసి, ఇరవై ఏళ్ళ అలవాటొక్కటే మిగిలిన మనిషి అలా రెండు విజిళ్ళ కోసం చూస్తూ నిలబడ్డాడు. పొద్దు జారిపోతోంది.

అప్పటికి నాకు వెలిగింది. అయ్యో నా మొహం మండా! నా విజిలు సంచీ అడుగున, దుంపల కింద ఉంది. సంచీని నేలమీద బోర్లించి, వెతికి, మట్టితో సహా నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదాను. ఆయన వెంటనే కదిలారు, గేరు వేసినట్టు.

దగ్గరికొచ్చాక, "ఏమైంది మీకు?" అన్నాను.

"ఎవరో దిగాలన్నారనుకున్నా."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆయన రాయి మీద కూర్చున్నారు. పెదాలు తెల్లబడ్డాయి. మోకాలు వాచి, లాగు అంచు దగ్గర బిగిసిపోయింది. ఎదురుగా ఎక్కుడు, పైన ఎక్కడో గేటు.

"కండక్టరమ్మా," అన్నారు నేల చూస్తూ. "నావల్ల కావట్లేదే. నువ్వు హోల్డాన్ చెప్పెయ్. ఆగిపోతా. నువ్వు చెప్తే నాకు సిగ్గుండదు."

నాకు చెప్పాలనిపించింది. ఒట్టు. ఆ మోకాలు చూస్తే ఏ పెళ్ళానికైనా అనిపిస్తుంది. విజిలు నోటిదాకా వచ్చింది కూడా. ఒక్కసారి ఊదితే చాలు, వెనకబడ్డవాళ్ళను ఏరుకునే ఆ వ్యానులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని దిగిపోవచ్చు. ఇక జన్మలో ఆ కంపు బూట్లు చూడక్కర్లేదు. కానీ ఆ తర్వాత ఈయన అదే కొండమీదికి రోజూ బస్సు నడపాలి కదా! రోజూ ఆ గేటు ముందు నుంచే తిప్పుకుని రావాలి కదా!

"చెప్పను," అన్నాను. "ఇన్నేళ్ళలో స్టాపు రాకముందు హోల్డాన్ చెప్పానా ఎప్పుడైనా? ఆఖరి స్టాపు పైనుంది. టిక్కెట్టు అక్కడిదాకా తీసుకున్నారు. లేవండి."

"కోపమా?"

"కోపమే. లేవండి!"

లేచారు. రెండు విజిళ్ళు ఊదాను. ఎక్కుడు మొదలుపెట్టారు. వెనక్కి చూడలేదు. డ్రైవరు చూడకూడదు కదా.

నేను బస్సులో పైకి చేరేసరికి గేటు దగ్గర కుర్చీలు మడిచేస్తున్నారు. గెలిచినవాళ్ళు ఎప్పుడో స్నానాలు చేసి పోయారు. టోపీ పెద్దాయన విజిలు మెళ్ళో వేసుకుని పడమటి కొండవైపు చూస్తున్నాడు. సూర్యుడు కొండ అంచు తాకాడు. సగమయ్యాడు. రవ్వంత కూడా మిగలడేమో అనుకుంటుండగా, దారి మలుపులో మా ఆయన పొట్ట, తర్వాత మా ఆయన కనబడ్డారు.

"రండీ! రండీ!" అని గొంతు చించుకున్నాను. కుర్చీలు మడిచేవాళ్ళు ఆగి చూశారు. ఎంత దూరమని? మా బస్సు పొడవుకి రెండింతలుంటుంది. కాళ్ళు లేపట్లేదు, ఈడుస్తున్నారు. ఈడ్చినా సరే, వస్తున్నారు.

గేటు ఇంకో రెండడుగులుందనగా పెద్దాయన విజిలేశాడు. ఒక్కటి. పొడుగ్గా.

మా ఆయన కాలు గాల్లోనే ఆగింది. నాకు తెలుసు ఆగుతుందని. నా విజిలు అప్పటికే నోట్లో ఉంది. పెద్దాయన ఊపిరి తీసుకునేలోపు రెండుసార్లు ఊదాను, కొండ మారుమోగేలా. ఆ కాలు ముందుకే పడింది. తర్వాత రెండోది. గేటు దాటేశారు.

"అమ్మా, ఇదేం పని?" అని పెద్దాయన నా మీదికొచ్చాడు. గొంతులో తేనె లేదు. "విజిలయ్యాక దాటారు. లెక్కలోకి రాదు. ఆయన ఆగుండాల్సింది."

"ఆయన్ని ఆపడానికి మీరెవరు? ఆ మనిషికి హోల్డాన్ చెప్పేది నేను. ఇరవై ఏళ్ళుగా నేనే. పైగా రూలు మీ నోటితో మీరే చెప్పారు, పూర్తిగా అని. వెనక్కి తిరగండి. అటు చూసి మాట్లాడండి."

ఆయన తిరిగాడు. కుర్చీలవాళ్ళూ తిరిగారు. పడమటి కొండ అంచున, గోరు కత్తిరించి పారేసినంత, ఎర్రగా, సూర్యుడింకా ఉన్నాడు. సామాను సర్దుకునే తొందరలో ముందే ఊదేశాడన్నమాట. మేమంతా చూస్తుండగానే అది మునిగింది. పూర్తిగా.

పెద్దాయన టోపీ తీశాడు. మొదటిసారి చూశాను, బట్టతల. పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క మెడల్ తీసి, "ఎక్కడమ్మా ఆయన?" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాం. మా ఆయన ఆగలేదు. గేటు దాటి, గుడారాలు దాటి, మడిచిన కుర్చీలు దాటి, మా ఆఖరి స్టాపు బోర్డు కూడా దాటేసి, అదే నడక, అదే ఈడ్పు, రోడ్డు పట్టుకుని పోతూనే ఉన్నారు. నేను రైట్ అన్నాను, మళ్ళీ ఏమీ అనలేదు కదా మరి! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"ఆపండమ్మా ఆయన్ని, మెళ్ళో వెయ్యాలి," అన్నాడు పెద్దాయన.

విజిలు పెదాల దాకా తెచ్చాను. ఆ వీపు చూశాను. చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయిన చొక్కా, ఊగుతున్న భుజాలు, ఎవరికీ క్షమాపణ చెప్పనట్టు ఎత్తిన తల. విజిలు దించేశాను.

"పోనీయండి," అన్నాను. "ఇంకాస్త పోనీయండి."