సుడిగాలిని చూసినవాళ్లం ఇద్దరమే

తమ్ముడు సారపాక నుంచి తెచ్చిన ఎండు ఇప్పపూల మూట విప్పగానే ఖానాపురం హవేలి ఊళ్లోని మా ఇల్లంతా తియ్యటి, పులిసిన వాసన కమ్ముకుంది. అంతకు గంట ముందే మా వీధి చివర మబ్బులోంచి సుడిగాలి దిగి రెండు రేకులు లేపితే, డాబాల మీంచి నలభై ఫోన్లు దాన్ని పట్టేశాయి. సాయంత్రం టీవీలో, ఈ ప్రాంతంలో ఇదే మొదటిసారన్నారు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

నేను మొదటిసారి అలాంటిదాన్ని చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. భద్రాచలం అడవిలో ఇరవై గడపల ఊరు మాది. ఎండాకాలం తెల్లవారుజామునే నాయనమ్మ కొంగు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోతే, రాత్రంతా రాలిన పూలు పాదాలకు చల్లగా, మెత్తగా తగిలేవి. ఏరినవి సగం బుట్టలోకి, సగం నా నోట్లోకి పోయేవి. ఒకనాడు అక్కడే మధ్యాహ్నమైంది. పడమట మబ్బు కమ్మి, అందులోంచి ఏనుగు తొండంలాంటి గాలి నేలకు దిగింది. నాయనమ్మ నన్ను బండ చాటుకు లాగి మీద పడుకుంది. లేచేసరికి రెండు టేకుచెట్లు కూలి ఉన్నాయి, పూల బుట్ట లేదు.

ఊళ్లో చెబితే మా చిన్నాయన పడీపడీ నవ్వాడు.

"ముసలిదానికి సూపు లేదు, పిల్లకు బుద్ధి లేదు. ఇప్పపూలు ఎక్కువ తిన్నట్టున్నరు."

కూలిన చెట్లు చూపిస్తే, దుమారానికి చెట్లు కూలవా అన్నారు. బడిలో నా పేరు గప్పాల గౌరి అయింది. చూసింది చూసినట్టు చెప్పి అబద్ధాలకోరునయ్యానని నాకు బువ్వ సయించలేదు.

"ఏడ్వకు బిడ్డా. ఈడ మనం ఇద్దరమే ఉంటిమి. గాలి పోయిన తొవ్వల ఇంకెవరన్న ఉండకపోతరా" అంది నాయనమ్మ.

నాలుగోనాడు వాగవతలి ఊరి నుంచి మా మేనత్త నెత్తి మీద బుట్టతో వచ్చింది. మా వైపు బుట్ట అంచు అల్లిక చూస్తే అది ఎవరింటిదో చెప్పేస్తారు. ఎర్ర చీరపేలిక కలిపి అల్లేది నాయనమ్మ ఒక్కతే.

"అవ్వా, గిది నీదే గద? మా చేన్ల మీదికెల్లి పడ్డది."

చిన్నాయన ముఖం అప్పుడు చూడాలి. నాయనమ్మ ఆ బుట్ట నా నెత్తిన పెట్టి ఇరవై గడపలూ తిప్పింది. ఆ సాయంత్రం చిన్నాయనే ఇప్పపూలు వేయించి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచి, తొలి ముద్ద నా నోట్లో పెట్టాడు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఇప్పుడు ఆ చెట్ల చోట జామాయిల్ తోటలున్నాయి. బుట్టకు చెదపట్టింది, నాయనమ్మ పోయింది. ఇదంతా విని నా కూతురు ఇప్పపూల ముద్ద నములుతూ, "మరి ఫొటో ఏదమ్మా?" అంది.

"సూసినదాన్ని నేనున్న గద బిడ్డా" అన్నాను.