మస్కట్‌కు పంపిన దూడ

మొన్న కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం కూచుని, సంచిలోంచి నోటుబుక్కు తీసి రెండు మాటలు దిద్దుకుంటుంటే, పక్కనున్న ఆడమనిషి తొంగిచూసి ఏం రాస్తున్నవమ్మా అని అడిగింది. కథ అన్నాను. అరవై దాటినదాన్ని, ఆ మాట నలుగురిలో పైకి అనడం అదే మొదటిసారి. ఆమె నన్ను ఎగాదిగా చూసి తన సంచిని కాస్త అటు జరుపుకుంది. నవ్వొచ్చింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ఆ కథ చిన్నప్పుడు నేను మా అన్నకు చేసిన మోసం గురించి, నేను పోతున్నది దాన్ని ఆయనకే చదివి వినిపించడానికి.

నా ఈడువాళ్ళకు ఎర్ర నీలం అంచుల విమానం కవర్లు గుర్తుండే ఉంటాయి. మా అన్న మస్కట్ పోయిననాడు నేను పదో తరగతి. ఎల్లారెడ్డి పక్క ఊళ్ళో మా ఇంట్లో ఇక మిగిలిన చదువు నాదొక్కదానిదే కాబట్టి, మా అవ్వ, అంటే అమ్మా, మా వదినా చెప్తుంటే ఉత్తరాలు రాయడం నా పనైంది. ఒకరి ముందు ఒకరికి సిగ్గో ఏమో, ఇద్దరూ కలిసి చెప్పేది మాత్రం అందరం బాగున్నం, నువ్వు పైలంగ ఉండు, అంతే. కానీ అవ్వకొక పట్టింపు ఉండేది: అంత దూరం పోయే కాగితంలో జాగా ఖాళీగా వదిలితే కన్నకొడుకును పరాయివాణ్ణి చేసినట్టేనని, అడుగు దాకా నింపితే గానీ కవరు అంటించనిచ్చేది కాదు. దేనితో నింపాలి? అప్పటికే లెక్కల నోటుబుక్కు వెనకపేజీల్లో కథలల్లే పిచ్చి ఉన్నదాన్ని, ఒకనాడు మన ఆవు ఈనింది, నొసట తెల్లచుక్కతో దూడ పుట్టింది అని రాసేశాను. ఆ ఏడు మా ఆవు చూడే కట్టలేదు.

ఇక ఆ దూడ నా చేతిలో ఉండలేదు. ఒక ఉత్తరంలో అవ్వ ఆరేసిన చీర నమిలింది, ఇంకో ఉత్తరంలో వదిన చంకలో బిందెను పొడిచి నీళ్ళన్నీ పారబోసింది, తాడు తెంపుకుని నా వెంట బడి దాకా వచ్చింది కూడా. అన్న జవాబుల్లో ముందు దూడ బాగోగులు, తర్వాతే మేము. ఆ జవాబులు ఇంట్లో చదివి వినిపించేదాన్నీ నేనే గనక, దూడ ఉన్న వరుసలు మింగేసి మిగతావి గుక్క తిప్పుకోకుండా చదివేదాన్ని. రెండేండ్లు అట్లా గడిచాయి, ఎవరికీ అనుమానం రాలేదు.

అన్న సెలవు మీద వచ్చినరోజు వదిన కాళ్ళకు నీళ్ళిద్దామని చెంబు పట్టుకుని గడపలో నిలబడితే, ఆయన ఆమె వైపు సరిగా చూడనైనా చూడకుండా, దూడ మెడకని కామారెడ్డిలో రైలు దిగి కొన్న మువ్వల పట్టెడ చేతిలో పెట్టుకుని నేరుగా కొట్టంలోకి పోయాడు. అక్కడ ముసలి ఆవు ఒక్కటే నెమరు వేస్తూ ఉంది. విషయం తెలిసి అవ్వ నన్ను దులిపేసింది, వదిన మొహం తిప్పుకుంది, చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వారు. అన్న మువ్వలు దూలానికి తగిలించి కాళ్ళు కడుక్కున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆయన మళ్ళీ మస్కట్ పోయాక, నాకు చెయ్యి నొస్తుందని చెప్పి ఉత్తరాలు పక్కింటివాళ్ళతో రాయించమన్నాను; పరాయివాళ్ళను అడుగు దాకా నింపమని అడగడానికి అవ్వకు నోరు రాలేదు. కథలు కూడా ఆనాడే మానేశాను.

తర్వాత ముప్పై ఏండ్లు బడిలో పంతులమ్మగా పిల్లల చేత ఎన్ని వ్యాసాలు రాయించానో గానీ, నాకోసం ఒక్క వాక్యం రాసుకోలేదు. రిటైరయ్యాక ఒకరోజు, పక్కనే ఉన్న రాజంపేట నుంచి వచ్చి మా వీధిలో కూరగాయలమ్మే ఆమె పోయినంక చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ఆమెకొక ఇల్లూ, అలిగిన చెల్లెలూ కల్పించేస్తున్నానని తెలిసి నాకే భయమేసింది. అయినా ఆగలేక రాశాను. అది మొదలు పది కథలైనాయి, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చీరల కింద దాచుకున్న ఆ కథల్లో దూడ కథ ఒక్కటే నన్ను నిలువనియ్యలేదు. అన్న వినకముందు దాన్ని నాది అనుకోవడానికి మనసొప్పలేదు, ఆయన నొచ్చుకుంటే ఇక కలం ముట్టనని కూడా అనుకున్నాను.

అన్నకు ఇప్పుడు చెవుడు, గట్టిగా చదవాల్సి వచ్చింది. దూడ బిందెను పొడిచిన చోటికి వచ్చేసరికి వదిన నవ్వింది. అన్న నవ్వలేదు. చదవడం అయినాక కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"దూడ లేదని గాదు చెల్లె నా కోపం" అన్నాడు. "రూముల ఎనిమిది మందిమి ఉంటుంటిమి. నీ ఉత్తరం అచ్చిందంటే అందరికి సదివి ఇనిపిస్తుంటి. రెండోపారి పోయినంక అందరు క్షేమం అని మూడు లైన్లే అచ్చేటియి. గవ్వే తిప్పి తిప్పి సదువుకున్న. నువ్వెందుకు బంద్ జేసినవ్?"

నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం మిగిలిన కథలు కూడా తీసుకురమ్మంటూ వదిన టీ పెట్టడానికి లేచింది.

ఇప్పుడు అన్న కొడుకు కూడా మస్కట్‌లోనే ఉన్నాడు. పొద్దున ఫోను చేస్తే వదిన దాన్ని కొట్టం వైపు తిప్పి ఉన్న పశువులను ఉన్నట్టు చూపిస్తుంది, ఎవరూ ఏదీ కల్పించాల్సిన పని లేదు. మంచిదే, నాకు ఫిర్యాదేమీ లేదు. రాయడం మళ్ళీ దొరికింది, వినడానికి అన్న ఉన్నాడు, ఈ వయసులో అంతకంటే ఏం కావాలి. కానీ అబద్ధం రాసినందుకు ఇన్నేండ్లు సిగ్గుపడ్డాను, రాయడం మానేసినందుకు ఒక్కరోజూ బాధపడలేదు. ఇక ఎన్ని రాసినా, ఆ గదిలో మూడు వరుసలను తిప్పి తిప్పి చదువుకున్న పాతికేండ్ల మా అన్నకు అవి చేరవు.