అక్షరాల కింది ఖాళీ

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, వానలు మొదలయ్యే వేళ, తోరణగల్లు వైపున్న ఒక కర్మాగారం వాళ్ల బస్సుల పేజీ పనిని మా ఆఫీసు నాకు అప్పగించింది. బళ్ళారి కంటోన్మెంట్‌లో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. నేను సీనియర్ డిజైనర్‌ని. వెబ్ పేజీలో కంటికి కనిపించే భాగమంతా నా బాధ్యత. ఆ పేజీతో కార్మికులకు ఉన్న పని ఒక్కటే. షిఫ్టుకు ముందురోజు ఫోనులో "రేపు వస్తాను" అన్న మాట నొక్కాలి. నొక్కినవాళ్ల పేర్లే డ్రైవరుకు చేరతాయి.

సండూరు నుంచి క్యాంటీన్ పనికి వచ్చే నాగవేణి పేరు తరచూ చేరడం లేదు. తాను నొక్కుతూనే ఉన్నానని ఆమె అంటోంది. పేరు లేనిదే బస్సు ఎక్కనివ్వరు. బస్సు తప్పితే ఆ రోజు గైరుహాజరే. ఇంకోసారి ఇలా అయితే పనిలోంచి తీసేస్తానని కాంట్రాక్టరు చెప్పేశాడు. కర్మాగారం రవాణా అధికారి నాకు ఫోను చేసి, "సుమ్నె, ఊరికే చెప్తాండాదప్పా, ఆయమ్మ నొక్కిండదు. నొక్కలేదని రాసిచ్చేయండి, అయిపోతాది" అన్నారు. సర్వరులో వెతికితే ఆమె నొక్కిన జాడ నిజంగానే లేదు. అయినా మనిషిని చూడకుండా రాసివ్వడానికి మనసొప్పలేదు. ఖనిజం లారీల వెనకాల సండూరు వెళ్లాను.

రోజూ ఎలా చేస్తారో అలాగే చేసి చూపించమన్నాను. ఆమె బొటనవేలితో, అక్షరాల మీద కాకుండా కాస్త కింద నొక్కింది. ఎందుకలా అని అడిగితే, "మీద పెడితే అచ్చరాలు మూసుకుపోతాయి గదా సారూ. ఏం నొక్కుతాండానో కనపడొద్దా?" అంది. తెరమీద ఏమీ జరగలేదు. నమోదైనట్టు మెసేజీ రాకపోతే అనుమానం రాలేదా అన్నాను. "మా కొండల్లో సిగ్నల్ యాడుండాది? ఎప్పుడో వస్తాదిలే అనుకుంటి."

మా పనిలో యుటిలిటీ క్లాసులని ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్క పనే చేసే పొట్టి పేర్లు. పి అక్షరంతో మొదలయ్యేది ప్యాడింగ్, అంటే మాటకూ దాని గడి అంచుకూ మధ్య లోపలి ఖాళీ. ఎం అక్షరంతో మొదలయ్యేది మార్జిన్, అంటే గడికి బయటి ఖాళీ. పక్కన వై చేరిస్తే ఆ ఖాళీ పైనా కిందా మాత్రమే వస్తుంది. అంకె పెంచితే ఖాళీ పెరుగుతుంది. నేను పివై-4 పెట్టిన చోట, వరుసలు సర్దుతూ సహోద్యోగి మల్లికార్జున ఎంవై-4 పెట్టాడు. గడికి గీత గానీ రంగు గానీ లేనందువల్ల చూడ్డానికి ఏ తేడా లేదు. కానీ లోపలి ఖాళీని నొక్కితే మాటను నొక్కినట్టే. బయటి ఖాళీని నొక్కితే దేన్నీ నొక్కనట్టే. ఆఫీసులో పరీక్షించినవాళ్లు మౌసు బాణాన్ని సరిగ్గా అక్షరాల మీదే పెట్టి నొక్కారు.

క్లాసు మార్చడం చిటికెలో పని. కర్మాగారానికి ఇవ్వాల్సిన నివేదిక దగ్గరే పేచీ వచ్చింది. "పేజీని మెరుగుపరిచాం" అని మాత్రం రాయమన్నారు మా మేనేజరు. తప్పు ఒప్పుకుంటే పని చేజారుతుందని ఆయన భయం. అది ఉత్త భయమేమీ కాదు. కానీ అలా రాస్తే నాగవేణి గైరుహాజర్లు అలాగే ఉండిపోతాయి. నాకు కోపం వచ్చింది. నివేదిక మొదట్లోనే రాశాను: "నాగవేణి గారు నొక్కారు. మా పేజీ తీసుకోలేదు."

గైరుహాజర్లు కొట్టేశారు, ఆమె పని నిలిచింది. మరుసటి ఏడాది ఆ కర్మాగారం పని మాకు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు.

సర్వరులో జాడ లేకపోవడం మనిషి నొక్కలేదనడానికి రుజువు కాదని అప్పుడు తెలుసుకున్నాను. తర్వాత రిటైరయ్యేదాకా, ఏ పేజీ నా ముందుకు వచ్చినా మొదట ఫోనులో తెరిచి, అక్షరాల కింద నొక్కి చూసేవాణ్ణి.