బొట్టు పెడితేనే ఏడూ నలభై బస్సు

పాత కంప్యూటర్ ఆటల్ని వెతికి దాచిపెట్టేవాళ్లు కొందరున్నారని ఫోన్‌లో చదివాను. కార్ల రేసులూ తుపాకీ ఆటలూ ఎప్పుడో దాచేశారట. బొమ్మకు బట్టలు మార్చేవీ, జడలల్లేవీ, వంట చేసేవీ మాత్రం పోతున్నాయట. ఆడపిల్లలాడేవి కదా, వాటిని ఆటలని ఎవరనుకున్నారు గనక? ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని రాశారు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు కుదురు లేదు. నా దగ్గర ఒకటి ఉండాలి. దాన్ని నేనే తయారుచేశాను.

ఇరవై ఏళ్ల కిందట జగ్గయ్యపేటలో, ఒక బట్టల కొట్టు పైన, ఆరు కంప్యూటర్ల సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. మగపిల్లలు కార్లు గుద్దుకుంటుంటే మెదడు చురుకవుతుందని ఓనరు మురిసిపోయేవాడు. ఆడపిల్లలు బొమ్మకు గౌను మారిస్తే కరెంటు దండగనేవాడు. పైగా ఆ బొమ్మలన్నిటికీ మొక్కజొన్న పీచులాంటి జుట్టు. మనవాళ్లకంటూ ఒకటుండాలని పంతం పట్టి నేను ప్రోగ్రాం రాశాను. బొమ్మలు గీసింది నా దగ్గర నేర్చుకునే అమ్మాయి. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో కూలీ. మౌసు పట్టుకుంటే ఆ పిల్ల చెయ్యి వణికేది కాదు.

ఆట ఇంతే. ఒక అమ్మాయి నందిగామ కాలేజీకి వెళ్లాలి, ఏడూ నలభై బస్సు అందుకోవాలి. జడ వెయ్యాలి, క్యారేజీ సర్దాలి, చున్నీకి పిన్నీసు పెట్టాలి. ఏది మర్చిపోయినా బస్సు రాదు. తెలుగు లిపి పెట్టడం చేతకాక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాను. ‘పిన్నీసు మర్చిపోయావ్’ అని తెర మీద పడగానే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఒకసారి పెట్టిన పిన్నీసు మళ్లీ ఊడేది కాదు. అది నా ప్రోగ్రాంలో తప్పే. అయినా పిన్నీసు ఉండేది ఊడకుండా ఉండటానికే కదా అని వాదించి గెలిచాను. వాదనలో ఓడిపోవడం నాకు అప్పుడూ తెలీదు.

ఆ ఆట ఎక్కించిన సీడీ కోసం ఇంట్లో బీరువా, అటక, ట్రంకుపెట్టెలు అన్నీ గాలించాను. అదేమన్నా పొలం పట్టానా అన్నారు మా ఆయన. పట్టా అయితే ఆఫీసులో ఇంకో కాపీ ఉంటుంది, దీనికి లేదు అన్నాను. చివరికి తేలిందేమిటంటే, అటక మీది సీడీల సంచి మొత్తం మా మరిది చేలో పిట్టల్ని బెదిరించడానికి పట్టుకెళ్లాడు. వెళ్లి చూస్తే జొన్నచేను చుట్టూ దారాలకు వేలాడుతున్నాయి. వెండిపూత పొరలు పొరలుగా లేచిపోయింది. కొన్నిటి లోంచి ఆకాశం కనబడుతోంది. నేను కాగితం అంటించిన సీడీ ఏదని అడిగాను.

“అదా? అది కట్టలేదు వదినా. ఒకవైపే మెరుస్తది. చిలక రెండోవైపు నుంచి వస్తే ఏం లాభం?” అన్నాడు.

మోటారు గదిలో, పురుగుమందు డబ్బాల వెనక, ఆ సంచిలోనే దొరికింది.

సీడీ పెట్టే కంప్యూటర్ మా ఇంట్లో లేదు. ఆ బొమ్మలు గీసిన అమ్మాయి ఇప్పుడు నందిగామలో టీచరు. వాళ్ల స్కూలు ల్యాబులో పాతది ఒకటుందని చెప్పింది. శనివారం బడి వదిలాక వెళ్లాను. సీడీ పెడితే రెండుసార్లు గరగరమని ఆగిపోయింది. మూడోసారికి తెర మీద మా ఆటలోని అమ్మాయి వచ్చింది, చెవులకు చిన్న దుద్దులతో. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ముందు తననే ఆడమన్నాను. జడ వేసింది, క్యారేజీ సర్దింది, పిన్నీసు పెట్టింది. బస్సు బొమ్మ మీద నొక్కింది. ‘బొట్టు మర్చిపోయావ్’ అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

“పెట్టు మరి, వస్తుంది,” అన్నాను.

తను మౌసు వదిలేసి నవ్వింది. “ఇరవై ఏళ్ల నుంచి ఈ స్టాపులోనే నించున్నా మేడమ్.”

నాకు వెంటనే వెలగలేదు. తన మొహం చూశాక వెలిగింది. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. తనకు బొట్టు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ రోజు బొమ్మ గీసి తెస్తే మొహం బోసిగా ఉంది, కళ లేదు అన్నది నేనే. ఎర్రచుక్క గీయించి, అది లేకపోతే బస్సు రాకుండా ఒక లైను రాసిందీ నేనే.

“నేను గీసింది నన్నే మేడమ్,” అంది.

“అప్పుడే చెప్పొచ్చుగా.”

“మీతోనా?”

నేను ఊరుకుంటానా, ఒక్క లైనేగా, అరగంటలో తీసేసి పంపిస్తానన్నాను. వద్దంది. తీసేస్తే అసలేం జరగనట్టుంటుందట. తప్పుందని తెలిసి పంపడమేమిటని నేను, దాచడమంటే దిద్దడం కాదని తను, బస్టాండు దాకా వాదించుకుంటూనే నడిచాం. పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెబుతుంది, అదొక మంట. కానీ గీసింది తను, స్టాపులో నిలబడింది తను.

జగ్గయ్యపేట బస్సులో కూర్చుని ఫోన్‌లో ఆ ఆటలు దాచేవాళ్లు అడిగిన వివరాలు నింపాను. ఆటలో లోపాలేమిటి అన్నచోట మొదట పిన్నీసు సంగతి రాశాను. రెండోది బొట్టు సంగతి. ‘అప్పటి అలవాటు’ అని రాసి తుడిచాను. ‘పొరపాటున’ అని రాసి, అది పచ్చి అబద్ధమని అదీ తుడిచాను. చిల్లకల్లు వచ్చేసరికి ఇలా కుదిరింది: ‘బొట్టు లేని అమ్మాయికి బస్సు రాదు. బొమ్మ గీసినామె పెట్టలేదు. ప్రోగ్రాం రాసిన నేను పెట్టించాను.’

పంపేముందు తనకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

“బానే ఉంది మేడమ్,” అంది. “స్పెల్లింగులు చూసుకున్నారా?”