పదహారు ముక్కుల పరీక్ష

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. మగవాళ్లుంటే వాళ్లూ కూర్చోవచ్చు. మగవాళ్లున్నారని గొంతు తగ్గించబట్టే ఇంత ఘోరం జరిగింది. నూజివీడు తోటల్లో కోతులు పాడుచేసిన కాయల గురించి ఎవరైనా చెబుతారు. పదహారు మంది ఆడవాళ్ల వైద్యపరీక్షను ఒంటిచేత్తో పాడుచేసిన ఘనత మాత్రం నాది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారే, ఆ కోతిని నేనే. దేవుడు నాకు వనం కూడా మామిడితోటే ఇచ్చాడు.

నాలుగేళ్ల కిందటి మాట. బంగినపల్లి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. మా తోట షెడ్డులో పదహారు మందిమి కాయలు ఏరి ట్రేలకెత్తుతున్నాం. నా చదువు మూడో తరగతి, నోరు మాత్రం ఎమ్మే. నేను ఊఁ అంటే పని మొదలు, ఊఁహూఁ అంటే ఆగిపోవడం. ఆ పదహారు మందిలోనే ఉన్న మా తోడికోడలు రత్నం స్వభావం నాకు పూర్తిగా వ్యతిరేకం. పెళ్లయి పదిహేనేళ్లయినా ఆమె గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్లకు తెలియదు.

ఒక మధ్యాహ్నం హెల్త్ సెంటర్ నుంచి సిస్టరమ్మ సుజాత వచ్చింది. సంచీ నిండా జానెడు కుంచెలు, చిన్న గొట్టాలు.

"పిన్నిగారూ, ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ హెచ్‌పీవీ పరీక్ష చేస్తున్నామండీ."

"హెచ్‌పీ అంటే మాకు తెలీదా అమ్మా? మా బోరుకున్నది ఐదు హెచ్‌పీ మోటారే."

"మోటారు కాదండీ, వైరస్."

వైరస్ అనగానే నాకు సగం అర్థమైపోయింది. ఆ సగమే కొంప ముంచింది.

సరిగ్గా అప్పుడే హనుమాన్ జంక్షన్ వెళ్లే లారీకి లోడు ఎత్తుతున్నారు. నలుగురు మగవాళ్లు అక్కడే నిలబడ్డారు. పాపం సిస్టరమ్మ సిగ్గుపడి గొణుగుతూ చెప్పింది. "గర్భసంచి" అన్న మాటను లారీ హారను మింగేసింది. నా చెవిన పడింది "ముఖద్వారం" ఒక్కటే. కుంచె లోపలికి పెట్టి మెల్లగా తిప్పి గొట్టంలో వేసేయాలట, ఎవరిది వాళ్లే తీసుకోవచ్చట.

ఒక కాగితం కూడా చేతిలో పెట్టింది. అక్షరాలు నాకు కూడబలుక్కుంటే గాని రావు. బొమ్మ మాత్రం కళ్లకు కట్టినట్టుంది. పైన అటూ ఇటూ రెండు కొమ్ములు, కింద సన్నటి మూతి. అచ్చం ఎద్దు మొహం! ముఖద్వారమన్నారు, మొహం బొమ్మ ఇచ్చారు, కుంచె ఇచ్చారు. ఇంక సందేహమేముంది?

"అర్థమైందా పిన్నిగారూ?"

"కరోనాలో చూడలేదా ఏంటి? నువ్వెళ్లి బయట పేర్లు రాసుకో అమ్మా. వీళ్ల సంగతి నేను చూస్తా."

అందరినీ షెడ్డు పక్కగదిలోకి తోలి తలుపు వేశాను. రత్నం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, నాకు నొప్పి లేదు, రోగం లేదు. నాకెందుకే?"

"టెంకలో పురుగున్న కాయ పైకి నిగనిగలాడదూ? కోసిందాకా తెలుస్తుందటే? పట్టు కుంచె."

"ఎక్కడ పెట్టాలి?"

"ముఖానికున్న ద్వారంలో. ముక్కులో!"

"నోరు కూడా ద్వారమేగా అక్కా?"

"నోటికి మూత ఉంది. ఎప్పుడూ తెరిచుండేది ముక్కేగా!"

ఈ తర్కానికి పదిహేను మందీ తలలూపారు. ఆ తర్వాత జరిగింది ఏం చెప్పను? కళ్లంట నీళ్లు, ముక్కులంట నీళ్లు, మిరపకాయలు వేయించినట్టు గదంతా తుమ్ములు.

"ఏంటి పిన్నిగారూ, ఆ తుమ్ములు?" అని బయటి నుంచి సిస్టరమ్మ.

"మామిడి సొన ఘాటమ్మా!" అన్నాను. మావాళ్లు పిరికివాళ్లని అనుకోకూడదు కదా.

మూడు వారాలకు రిపోర్టులొచ్చాయి. పదహారూ నెగటివే! వైరస్ లేదని అర్థం. ఇంక నన్ను పట్టగలరా? "మా షెడ్డు ఆడవాళ్లు కడిగిన ముత్యాలు" అని ఊరంతా తిరిగి చెప్పాను. ఆ మాట నమ్మి సిస్టరమ్మ నన్ను చాట్రాయి తీసుకెళ్లింది. అక్కడి ఆడవాళ్లు భయపడుతున్నారట, నేను ధైర్యం చెప్పాలట. పట్టుచీర కట్టుకుని, రత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

యాభై మంది ముందు కుంచె పైకెత్తి పట్టుకున్నాను. "ఏం భయం లేదమ్మా. ముందు తల ఇలా వెనక్కి వంచాలి."

సిస్టరమ్మ మొహం పాలిపోయింది. "తలెందుకండీ పిన్నిగారూ?"

"వంచకపోతే ముక్కులోకి ఎలా పోతుందమ్మా?"

ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, నీ పిల్లల్ని కూడా తుమ్మే కన్నావా?" అంది.

ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. అవి తగ్గాక సిస్టరమ్మ ఈసారి సిగ్గు వదిలేసి గట్టిగా చెప్పింది. ముఖద్వారమంటే గర్భసంచి ముఖద్వారం. కుంచె పెట్టాల్సింది యోనిలో. ఈ వైరస్ ఆడామగా కలయికలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుతుంది, చాలావరకు దానంతటదే పోతుంది. కానీ ప్రమాదకరమైన రకం పోకుండా తిష్ఠ వేస్తే, కొన్నేళ్లకు అక్కడ క్యాన్సర్ పుట్టవచ్చు. ముందే పట్టుకుంటే అసలు క్యాన్సర్ దాకా రాకుండానే ఆపొచ్చు.

అప్పుడు గాని నాకు అసలు సంగతి తట్టలేదు. అంటే ఆ పదహారు రిపోర్టులు మా ముక్కుల రిపోర్టులు! నా మాట నమ్మి పదిహేను మంది నిశ్చింతగా పనుల్లో పడిపోయారు.

అప్పుడు లేచిందండీ మా రత్నం. యాభై మందిలో, మొదటిసారి నోరు విప్పింది. "సిస్టరమ్మా, ఇంకో కుంచె ఇవ్వండి. ఎక్కడో ఇప్పుడు తెలిసిందిగా."

మర్నాడు తక్కినవాళ్లమూ చేయించుకున్నాం. ఈసారి వచ్చిన రిపోర్టుల్లో పదిహేను మందికి నెగటివ్, ఐదేళ్లకు మళ్లీ రమ్మన్నారు. ఒక్కరికి పాజిటివ్, ప్రమాదకరమైన రకం. అది రత్నానికి.

నేను రిపోర్టు పట్టుకుని భోరుమన్నాను. రత్నమే నాకు మంచినీళ్లిచ్చింది. "పాజిటివంటే క్యాన్సరని కాదంటక్కా, ఇంకాస్త దగ్గరగా చూడాలంతే." ఆసుపత్రిలో డాక్టరమ్మ పచ్చళ్ల వెనిగర్ లాంటి మందు అద్ది చూస్తే చిన్న తెల్లమచ్చ కనబడింది. దాన్ని వేడితో మాడ్చేశారు. కాయకు ముచ్చిక తుంచినంత సేపు కూడా పట్టలేదని రత్నం గొప్పలు పోతుంది గానీ, కాస్త నొప్పి పుట్టిందని నాకు తెలుసు. మా మరిది మొహం ముడుచుకుంటే డాక్టరమ్మే అంది: "ఎప్పుడు అంటిందో ఎవరూ చెప్పలేరండీ, ఎవరినీ అనుమానించకండి." ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేశారు. నెగటివ్. ఈసారి ముక్కుది కాదు.

ఇప్పుడు రత్నం ఊరూరా తిరిగి చెబుతోంది. చింతలపూడి దాకా వెళ్లొచ్చింది. ప్రతిచోటా ఒకటే మాటతో మొదలుపెడుతుంది: "మా అక్క లాక్కెళ్లకపోతే నేను పరీక్షకే వెళ్లేదాన్ని కాదు. మా అక్క చెప్పినట్టే ఉండిపోతే, వెళ్లినా లాభం లేకపోయేది."

తిట్టిందో పొగిడిందో నాకిప్పటికీ తెలియదు. వెనక వరసలో కూర్చుని ఎద్దు మొహం కాగితాలు పంచుతూ, నేను దగ్గరుండి ముక్కులో కుంచె పెట్టించిన పిల్ల ఇదేనని రత్నాన్ని గర్వంగా చూసుకుంటాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా, మా తోటలోని తొలికాపు రసాల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ డాక్టరమ్మ "ముఖం" అన్నా, అది ఎవరి ముఖమో, దేని ముఖమో మూడుసార్లు అడగనిదే కుంచె ముట్టను.

మీ ఇల్లు కాపు తప్పని తోటలా ఉండాలమ్మా. మీ ఇంటి ఆడవాళ్లు వేళకు పరీక్ష చేయించుకుని నూరేళ్లు నవ్వుతూ తిరగాలి. వాళ్లు ఎప్పుడైనా తుమ్మితే, అది ఒట్టి జలుబే అవ్వాలి.